రిఫ్లెక్టర్ పీకేసిన రేంజర్ సైకిల్: కాంటిలీవర్ బ్రేకు మీద మనోళ్లు ఏమంటున్నరు?

ఇయ్యాల బండ్ల ముచ్చట కాదు, సైకిల్ ముచ్చట. సైకిల్ మొత్తం కూడా కాదు, బ్రేకు. అందులో కూడా ఒకే ఒక్క రకం బ్రేకు. "గింత చిన్నదాని మీద ఎపిసోడా అన్నా?" అనుకుంటరని తెలుసు. జర ఆగుండ్రి. వీడియో చూస్తున్నోళ్లకు నా ఎడమ భుజం మీద, గీ కాలర్ బోన్ కాడ, చిన్న బొడిపె కనపడుతున్నది కదా. చదువుతున్నోళ్లు ఊహించుకోండి. అది ఈ బ్రేకుతోని వచ్చిన గుర్తు. బ్రేకు తప్పు కంటే నా తప్పే ఎక్కువ. ఆ కథ చెప్త.

ముందు ఇది ఇప్పుడెందుకు చెప్తున్ననో చెప్పాలె. ఆసిఫాబాద్‌ల మా పిన్ని కొడుకు ఉన్నడు, ఇంటర్ ఫస్టియర్. పోయిన ఎండకాలం కరీంనగర్ వచ్చినప్పుడు మా ఇంట్ల మూలకు పడ్డ నా పాత రేంజర్ సైకిల్ తీసుకపోయిండు. రేంజర్ అంటే మనకు కంపెనీ పేరు కాదు కదా, లావు టైర్లున్న ప్రతి సైకిల్ మన దగ్గర రేంజరే. పదిరోజుల కింద వాట్సాప్‌ల ఫొటో పెట్టిండు. సైకిల్‌కు నల్ల రంగు కొట్టిచ్చిండు, హ్యాండిల్ మార్చిండు, మడ్‌గార్డులు పీకిండు, ముందట ఉండే తెల్ల రిఫ్లెక్టర్ దాని క్లాంపుతో సహా పీకిండు. కింద రాసిండు: "అన్నా, ఆదివారం దోస్తులతోని కెరమెరి ఘాట్ పోతున్నం."

నాకు ఒక్కసారి గుండె జారింది. ఎందుకంటే సరిగ్గా గట్లనే, అవే రెండు పీకి, అదే సైకిల్ మీద నేను మహబూబ్ ఘాట్ దిగిన.

మాది ఉమ్మడి కరీంనగర్ జిల్లా. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు లోయల పడి 60 మందికి పైగా చనిపోయిన సంగతి మా దిక్కు ఎవ్వరూ మర్చిపోలేదు. మా అమ్మకైతే ఘాట్ అనే మాట వినపడితే చాలు, ఆ రోజు అన్నం సరిగ్గా తినదు. తమ్ముని ఫొటో ఆమెకు చూపియ్యలే.

సరే, అసలు ఈ కాంటిలీవర్ అంటే ఏంది? మీ ఇంట్ల పాత లావు టైర్ల సైకిల్ ఉంటే ఇప్పుడే పోయి చూడుండ్రి, ఫోన్ పట్టుకొనే పోండి. ముందటి చిమ్టా, అంటే ఫోర్కు రెండు కాళ్లకు, అటొకటి ఇటొకటి చిన్న చేతులు ఉంటయి. ఒక్కో చేతికి ఒక బ్రేకు రబ్బరు. ఆ రెండు చేతులను కలుపుతూ టైరు మీదినుంచి ఒక చిన్న వైరు పోతది. దాన్ని నేను అడ్డ వైరు అంట. ఆ అడ్డ వైరు నడుమ ఒక కొక్కెం. హ్యాండిల్ నుంచి దిగే మెయిన్ వైరు ఆ కొక్కేన్ని పైకి గుంజుతది, చేతులు లోపలికి వస్తయి, రబ్బర్లు రిమ్మును పడ్తయి. గంతే. దంతెకు రెండు దిక్కుల తాడు కట్టి నడుమ పట్టుకొని గుంజినట్టు.

అడ్డ వైరు లేకుండా, రెండు పొడుగు చేతులు నిలువుగా నిలబడి, పక్కనుంచి వంకర పైపుల వైరు వచ్చి వాటిని దగ్గరికి గుంజుతుంటే అది వి-బ్రేక్. షిమానో కంపెనీ దాన్ని 1996ల తెచ్చింది. ఆ తర్వాత కొన్నేండ్లకే మౌంటెన్ సైకిళ్ల మీద కాంటిలీవర్ పక్కకు జరిగింది. చక్రం నడుమ గుండ్రటి పళ్లెం ఉంటే డిస్క్, అది మీకు బైకుల మీద తెలిసిందే.

ఈ వారం నేను కొంతమందిని అడిగిన. సర్వే గిర్వే ఏం కాదు, కనపడ్డోళ్లను పట్టుకొని "మీ బ్రేకు ఎట్లుంది?" అని అడుగుడు.

లోయర్ మానేరు డ్యాం కట్ట మీద పొద్దున పూట గేర్ సైకిళ్లోళ్లు వస్తరు. ఒకాయన హైడ్రాలిక్ డిస్క్ సైకిల్ ఆపి నవ్విండు. "కాంటిలీవరా? ఇంకా ఉన్నదా అది? మ్యూజియంల పెట్టుండ్రి" అన్నడు. ఆయన తప్పు అనలే. వానల, దిగుడుల, మంచి డిస్కుకు మించింది లేదు. రిమ్ము కొంచెం వంకరపోయినా దాని పని అది చేస్తది. కానీ ఆయన సైకిల్ ధరల మా ఊరోళ్లు పాత బైకు కొంటరు. ఇంకొక సంగతి, చవక సైకిళ్ల మీద వచ్చే వైరు డిస్క్ ఉంది చూడుండ్రి, దాన్ని చూసి మురిసిపోకండి. నా చేతుల పడ్డవాటిల సగం పళ్లేలు గీసుకుంటనే తిరుగుతుండె. పళ్లెం మీద నూనె చుక్క పడ్డదా, ఇగ ఆగదు. ఊర్లల్ల దాని ప్యాడ్లు దొరకయి. కాంటిలీవర్ రబ్బరు మాత్రం పంచర్ దుకాణంల కూడా దొరుకుతది.

గోదావరిఖనిల ఒక పెద్దాయన, సింగరేణిల పని చేసి రిటైర్ అయిండు. డ్యూటీ చేసినన్ని రోజులు కడ్డీ బ్రేకుల పెద్ద సైకిల్ మీదనే షిఫ్టుకు పోయిండట. వైరు ఉండదు దానికి, ఇనుప కడ్డీలే రబ్బర్లను రిమ్ము లోపలి అంచుకు గుంజుతయి. "మనుమని రేంజర్ ఒకసారి తొక్కిన బిడ్డా. ముందు బ్రేకు పట్టంగనే ఎనుక లేచినట్టైంది, దడుచుకున్న. మా సైకిల్‌కు గంత పొగరు లేకుండె" అన్నడు. అంటే ఆయనకు కాంటిలీవర్ ఎక్కువ ఆగుతది! డ్యాం కట్ట మీది ఆయనకు అది ఆగనే ఆగదు. అదే బ్రేకు.

ఆదిలాబాద్ పక్కన జైనథ్ దిక్కు ఒక పత్తి రైతు కొడుకు చెప్పిన మాట నాకు మస్తు నచ్చింది. అటంతా నల్లరేగడి. వాన పడ్డంక చేను తొవ్వల సైకిల్ తొక్కితే చక్రం చక్రంలెక్క ఉండదు, బెల్లం ముద్దలెక్క అయితది. "నాది పాత బ్రేకే అన్నా. మా దోస్తుది వి-బ్రేక్. టైరుకు బ్రేకుకు నడుమ మట్టి ఇరికి వాడు దిగి పుల్లతోని గీక్కుంటడు, నేను పోతనే ఉంట" అన్నడు. ఇది ఊరికే అన్నమాట కాదు. కాంటిలీవర్‌ల టైరు చుట్టు జాగా ఎక్కువ ఉంటది. యూరప్‌ల సైక్లోక్రాస్ అని బురదల పందేలు ఉంటయి. వి-బ్రేకులు వచ్చిన చాలా ఏండ్ల తర్వాత కూడా వాళ్లు కాంటిలీవరే వాడిండ్రు. 2010ల ఆ పందేలకు డిస్క్ అనుమతించినంకనే మెల్లమెల్లగ మారిండ్రు. మా జైనథ్ తమ్ముడు వాళ్లను ఎన్నడూ చూడలే, కానీ లెక్క ఒక్కటే.

ఇగ అసలు సంగతి ఇచ్చోడల కలిసిన అమ్మాయి చెప్పింది. ఇంటర్ చదువుతది, రోజూ కాలేజీకి సైకిల్. "అన్నా, నాలుగు వేళ్లతోని పట్టినా ఆగుతలేదు. లీవర్ రాయిలెక్క గట్టిగుంటది, సైకిల్ మాత్రం పోతనే ఉంటది. మెకానిక్‌కు చూపిస్తే బ్రేకు మస్తు టైటుంది, నీ చెయ్యిల బలం లేదు అన్నడు" అని చెప్పింది.

నేను సైకిల్ చూసిన. ఆమె చెయ్యిల బలం లేక కాదు. కింద ఉన్నది కాంటిలీవర్. పైన లీవర్ విరిగితే ఎవరో కొత్తది ఏసిండ్రు, అది వి-బ్రేక్ లీవర్.

ఇది జర మంచిగ వినుండ్రి. వి-బ్రేక్ చేతులు పొడుగు, వాటికి వైరు ఎక్కువ గుంజాలె. అందుకని దాని లీవర్ ఎక్కువ వైరు గుంజేటట్టు చేస్తరు, ఒక్కో గుంజుడుల బలం తక్కువ ఉంటది. కాంటిలీవర్‌కు అటుఇటుగా అందులో సగం వైరు చాలు, లీవర్‌ల బలం ఎక్కువ కావాలె. వి-బ్రేక్ లీవర్ తెచ్చి కాంటిలీవర్‌కు కడితే చేతికి గట్టిగ తగుల్తది, "అబ్బా మస్తుంది" అనిపిస్తది, కానీ రిమ్ము మీద బలం పడదు. ఉల్టా చేస్తే, అంటే పాత లీవర్‌కు కొత్త వి-బ్రేక్ కడితే, లీవర్ వచ్చి హ్యాండిల్‌కు ఆనుతది, లేకుంటే పట్టంగనే గుండు కొట్టినట్టు పడ్తది. రెండూ డేంజరే. "కాంటిలీవర్ ఆగదు" అని చెప్పినోళ్ల సైకిళ్లు నేను ముట్టుకొని చూసినకాడికి, చానామట్టుకు ఇదే రోగం. లేకుంటే ఎండకు ఎండి గట్టిపడ్డ రబ్బర్లు.

టవర్ సర్కిల్ దిక్కు ఒక పాత సైకిల్ దుకాణం కాకను అడిగితే ఇంకొకటి చెప్పిండు. చూడనీకి చిన్నది, కానీ నాకు ఇన్నేండ్లకు తెలిసింది. అడ్డ వైరు నడుమ కొక్కెం ఉన్నది కదా, అది ఎంత ఎత్తుల ఉండాలె? మనోళ్లు పైకి కడ్తరు. పైకి ఉంటే లీవర్ గట్టిగ, నీట్‌గ అనిపిస్తది. కానీ కొక్కెం కిందికి దించితే, అడ్డ వైరు పడుకున్నట్టు అయితే, అదే చేతి బలానికి రబ్బరు ఎక్కువ నొక్కుతది. లీవర్ మాత్రం కొంచెం మెత్తగ, లోపలికి ఎక్కువ పోతది. అందుకే రబ్బర్లను రిమ్ముకు దగ్గరగ పెట్టాలె. "చేతికి మెత్తగుంటె బ్రేకు లేదనుకుంటరు, గట్టిగుంటె ఉన్నదనుకుంటరు. ఉల్టా బిడ్డా" అన్నడు కాక. పాన పట్టుకొని రెండు నిమిషాలల్ల ఆ అమ్మాయి అసొంటి ఇంకొక సైకిల్ చేసి చూపిచ్చిండు. అట్లని టైరుకు తగిలేటంత దించకండి.

ఇప్పుడు నా భుజం కథ.

డిగ్రీ సెకండియర్‌ల ఉన్నప్పుడు ముగ్గురం దోస్తులం సైకిళ్లను ట్రాలీల ఏసుకొని నిర్మల్ పోయినం. అక్కడినుంచి మహబూబ్ ఘాట్ ఎక్కి, అటు కుంటాల జలపాతం చూసి రావాలని ప్లాన్. వానకాలం, కొండలన్నీ పచ్చగ, మబ్బులు కిందికి దిగి ఉన్నయి. ఎక్కుడు ప్రాణం తీసింది. సగం తొవ్వ నడిచినం, అది వీడియోలల్ల ఎవ్వరూ చెప్పరు! మీద నిలబడి ఫొటోలు దిగినం. అక్కడ కోతులు ఎక్కువ, మా దగ్గర ఉన్న రెండు బిస్కెట్ పుడలు వాటికే పోయినయి. అంతట్ల వాన ముదిరింది, కుంటాల రేపు చూద్దాం అని ఎనుకకు తిప్పినం. దిగుడు మొదలైంది.

నా సైకిల్‌కు మడ్‌గార్డు లేదు, రిఫ్లెక్టర్ లేదు. స్టైల్ కదా. పోయేముందు ఒక దుకాణంల సర్వీస్ చేపిచ్చిన. బ్రేకు వైరు పాతదే ఉంచిండు, నేను కూడా అడగలే. లీవర్ లోపల వైరు తలకాయ ఉంటది చూడుండ్రి, అక్కడ పోగులు ఒక్కొక్కటే తెగుతుంటయి, బయటికి కనపడయి. మూడో వంపో నాలుగో వంపో యాదికి లేదు, ముందు బ్రేకు పట్టిన. టప్ మన్నది. లీవర్ ఖాళీగ హ్యాండిల్‌కు ఆనింది.

బ్రేకు పోయింది, ఎనుక బ్రేకు ఉన్నది కదా అనుకునేలోపట నేను గాల్ల ఉన్న.

ఏమైందంటే, మెయిన్ వైరు తెగంగనే కొక్కేన్ని పట్టుకునేది ఏం లేదు. చేతుల స్ప్రింగులు బయటికి తన్నినయి, అడ్డ వైరును కిందికి గుంజినయి. అది పోయి టైరు గుబ్బల మీద పడ్డది. గుబ్బల టైరు కాబట్టి వైరు జారలే, దొరకబట్టింది. తిరిగే చక్రమే ఆ అడ్డ వైరును ముందుకు గుంజుకపోయింది, చేతులు మూసుకున్నయి, చక్రం జామ్. అంటే తెగిపోయిన బ్రేకే నా కంటే గట్టిగ బ్రేకు కొట్టింది. నేను హ్యాండిల్ మీదినుంచి ఎగిరి భుజం మీద పడ్డ. ఎనుక లారీ లేదు, గందుకే ఇయ్యాల మీతోని మాట్లాడుతున్న. కాలర్ బోన్ ఇరిగింది, ఆరు వారాలు చెయ్యి సంచిల.

మంచం మీద పడుకొని చదివితే తెలిసింది. ముందట ఆ రిఫ్లెక్టర్ క్లాంపు, లేకుంటే మడ్‌గార్డు, ఊకె అలంకారం కాదు. వైరు తెగితే అడ్డ వైరు దాని మీద పడి ఆగుతది, టైరు దాకా రాదు. రాత్రి మెరిసేదానికి పొద్దటి పని కూడా ఒకటుందన్నట్టు. ఇది నాకు ఎవ్వరూ చెప్పలే. సర్వీస్ చేసినోడు చెప్పలే, అమ్మినోడు చెప్పలే. నాకు ఇప్పటికీ కోపం ఉన్నది అది గుర్తొస్తే. పీకింది నేనే అనుకోండి.

వి-బ్రేక్‌కు ఈ తిప్పలు లేదు, దానికి టైరు మీదికి వచ్చి పడే అడ్డ వైరు లేదు. అది నిజంగ కాంటిలీవర్‌ల లోపమే. రబ్బరు అరిగినకొద్దీ రిమ్ము కిందికి జారి స్పోకుల దిక్కు పోవుడు ఇంకో లోపం. నెలకొకసారి వంగి చూడాలె.

చిన్న పక్క ముచ్చట. అమెరికాల కాలిఫోర్నియా, మారిన్ కౌంటీల 1970ల కాలంల కొంతమంది పోరగాండ్లు పాత లావు టైర్ల సైకిళ్లను కొండమీదికి తీసుకపోయి కిందికి దిగుడు పందెం పెట్టిండ్రు. వాటికి పెడల్ ఎనుకకు తొక్కితే ఆగే బ్రేకు, చక్రం హబ్బు లోపల. రెండు మైళ్లు కూడా లేని తొవ్వల 1,300 అడుగులు దిగుడు. కింద పోయేసరికి హబ్బుల గ్రీజు కాలి పొగ వస్తుండె, మళ్ల గ్రీజు నింపాలె. గందుకే ఆ తొవ్వకు రీప్యాక్ అని పేరొచ్చింది. మొదటి పందెం 1976 అక్టోబర్‌ల. ఆ బాధ పడలేకనే, ఇద్దరు తొక్కే టాండెం సైకిళ్లకు ఫ్రాన్స్‌ల చేసే కాంటిలీవర్ బ్రేకులు తెచ్చి వీటికి పెట్టుకున్నరు. అంటే "ఘాట్ దిగనీకి పనికిరాదు" అని మనం అంటున్న బ్రేకు మౌంటెన్ సైకిల్ మీదికి వచ్చిందే ఘాట్ దిగనీకి!

సరే, తమ్ముని దగ్గరికి వద్దాం. శనివారం పొద్దున బస్సెక్కి ఆసిఫాబాద్ పోయిన. సంచిల రెండు కొత్త బ్రేకు వైర్లు, నాలుగు రబ్బర్లు, పాన, ఉప్పుకాగితం ముక్క, ఒక రిఫ్లెక్టర్. వైర్లు రబ్బర్లు అన్నీ కలిపితే మనం తినే ఒక్క బిర్యానీ పైసలు కాలే.

వాడు మొఖం మాడ్సుకున్నడు. "రిఫ్లెక్టర్ పెడితే చిన్నపోరల సైకిల్ లెక్క ఉంటదన్నా" అన్నడు. నేను అంగీ గుండీ తీసి భుజం చూపిచ్చిన. ఇంకేం మాట్లాడలే వాడు, పాన అందిచ్చిండు.

పాత వైరు గుంజి తీస్తే లీవర్ కాడ ఏడెనిమిది పోగులు తెగి ఉన్నయి. ఇంకెన్ని రోజులు ఉండునో నాకు తెల్వది. కొత్తవి ఏసినం. రిమ్మును ఉప్పుకాగితంతోని తేలికగ రుద్ది తుడిచినం. రబ్బరు ముందటి కొస రిమ్ముకు ముందుగాల తగిలేటట్టు కొంచెం వంచి బిగిచ్చినం, లేకుంటే కీచుమని ఊరంతా లేస్తది. కొక్కెం దించినం. రిఫ్లెక్టర్ క్లాంపును అడ్డ వైరు కిందికి, టైరుకు పైనకు వచ్చేటట్టు పెట్టినం. ప్లాస్టిక్ క్లాంపు కాదు, ఇనుపది. వైరును చేత్తోని వదిలేసి చూసినం, క్లాంపు మీదనే ఆగింది, టైరుకు తగల్లే. మీరు కూడా బండి నిలబెట్టి గిట్లనే చెక్ చెయ్యుండ్రి.

ఇంకొకటి నేర్పిన. వీధిల ముందు బ్రేకు పట్టమంటే వాడు భయపడ్డడు. "ముందుది పడితే పల్టీ కొడ్తం" అని మనందరికీ చిన్నప్పటినుంచి చెప్పిండ్రు కదా. ఆగే బలం ఎక్కువ ముందు చక్రం కాడనే ఉంటది. చేతులు చాపి, నడుము ఎనుకకు జరిపి, మెల్లగ పెంచుకుంట పట్టాలె. ఇసుక మీద, వంపు నడుమ మాత్రం వద్దు, వంపుకు ముందే పట్టాలె. వానల అయితే మెరిసే స్టీలు రిమ్ము మొదటి రెండు మూడు చుట్లు అసలు పట్టదు, నీళ్లు తుడిచేదాకా జారుతది. గందుకే అవసరం రాకముందే తేలికగ పట్టి ఆరబెట్టుకోవాలె. పది సార్లు చేపిచ్చిన. పదకొండోసారికి వాడే నవ్విండు.

సాయంత్రం వాని దోస్తులు ఇద్దరు వచ్చిండ్రు. ఒకనిది వి-బ్రేక్, రబ్బర్లు మార్చినం, పోయింది. ఇంకొకనిది కాంటిలీవరే, ముందట ఏం లేదు, బోడిగ ఉన్నది. నా దగ్గర రిఫ్లెక్టర్ ఒక్కటే తెచ్చిన. దుకాణాలు మూసిండ్రు. చివరికి పిన్నోళ్ల పెరట్ల, తమ్ముడు పీకి పారేసిన మడ్‌గార్డు దొరికింది, దాన్నే కడిగి వానికి బిగిచ్చినం. ఎర్ర మడ్‌గార్డు, నీలం సైకిల్. వాడు ఫొటోలల్ల ఆ చక్రం రాకుండ నిలబడుతుండె.

ఆదివారం నేను కూడా పోయిన, పిన్ని పొమ్మన్నది. వాళ్లు ముందట, నేను ఎనుక బైకు మీద. సైకిల్ ఎందుకు తొక్కలే అని అడగకండి. కెరమెరి ఘాట్ వీడియో వచ్చే ఎపిసోడ్‌ల పెడ్త, అందులో ఎర్ర మడ్‌గార్డు కనపడితే అది ఎక్కడిదో మీకు తెలుసు. ఉంట మరి.